నాలుగు బిరుసు ముక్కలు

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతు దగ్గర ఆగిపోయి ఉంది. అన్నం తింటున్నా, దేవుడి దగ్గర దీపం పెడుతున్నా, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడుతున్నా అది అక్కడే ఉంటుంది. మోసి మోసి అలసిపోయాను. ముఖం తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం ఎలాగూ లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం. బజారులో మాకు పుస్తకాలు, పెన్నులు, ఫ్యాన్సీ సామాన్ల షాపు ఉంది. కింద షాపు, పైన ఇల్లు. మా ఆయన భోజనానికి పైకి వస్తే ఆ గంటసేపు నేను కౌంటరులో కూర్చునేదాన్ని. ఇంట్లో నా మాట ఎవరూ పెద్దగా అడిగేవారు కాదు. ముందు మా అత్తగారు చెప్పినట్టు నడిచింది, తర్వాత మా ఆయన చెప్పినట్టు నడిచింది. దాని గురించి ఏడవడం లేదు. ఎందుకు చెబుతున్నానో ముందుకెళ్తే మీకే అర్థమవుతుంది.

మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా మా మేడ మీద గదిలో నలుగురం పేకాడేవాళ్ళం. డబ్బుకి కాదు. ఓడినవాళ్ళు మర్నాడు తినడానికి ఏదైనా చేసి తేవాలి, అంతే పందెం. నలుగురిలో పెద్దావిడ మిల్లు వదినగారు. వాళ్ళకి రైసుమిల్లు ఉండేది. నాకేం చుట్టరికం లేకపోయినా వీధిలో అందరం ఆవిణ్ణి వదినగారనే పిలిచేవాళ్ళం. ఇంకొకరు రిటైరైన సుశీల టీచరు. నాలుగో ఆవిడ జుబేదా గారు.

జుబేదా గారు మా సందు చివర బ్లౌజులు కుట్టేవారు. నాకంటే రెండేళ్ళు పెద్ద. భర్త పోయాక ముసలి తల్లిని పెట్టుకుని ఆ మిషను మీదే బతికేవారు. నేను ఆవిణ్ణి గారూ అనేదాన్ని. వదినగారు మాత్రం పేరు పెట్టి, నువ్వు అనేవారు. అయినా ఆట దగ్గర నలుగురం ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. ఆ చాప మీదకి రావడం ఆవిడకి ఇష్టమని నాకు తెలుసు. శుభ్రమైన చీర మార్చుకుని, కత్తెర పట్టిన చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చేవారు.

ఆవిడ వేళ్ళ గురించి చెప్పాలి. కళ్ళు మూసుకుని జాకెట్టు గుడ్డ వేళ్ళ మధ్య నలిపి, ఇది అచ్చమైన కాటనండీ, ఇది కలిపిందండీ అని చెప్పేవారు. ఎప్పుడూ తప్పలేదు. మా ఆటకి కొత్త పేకలు కావాల్సి వచ్చినప్పుడల్లా షాపులో ఆవిడే ఎంచేవారు. నేను నాలుగైదు రకాలు కౌంటరు మీద పెట్టేదాన్ని. ఆవిడ ఒక ముక్క తీసి బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య వంచి వదిలేవారు. తిరిగి తిన్నగా నిలబడుతుందా, కొంచెం వంపు మిగిలిపోతుందా అని చూసేవారు. తర్వాత రెండు పేకలు పక్కపక్కన అద్దం మీద నిలబెట్టి, వంగి, ఏది వెంట్రుకవాసి ఎత్తుందో చూసేవారు.

"మరీ పల్చనివి వద్దండీ, నాలుగాటలకి నడుం వంగిపోతాయి. మరీ అట్టల్లా ఉంటే పదమూడు ముక్కలు చేతిలో విచ్చుకోవు" అనేవారు.

నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ షాపులో ఉన్నాను. ఉండి ఊరి వైపు చేపల చెరువుల కాపలావాళ్ళు వస్తే ప్లాస్టిక్ పేకలివ్వాలని నాకు తెలుసు. గట్టు మీద తేమకి కాగితం ముక్కలు అప్పడాల్లా మెలికలు తిరిగిపోతాయని వాళ్ళే చెప్పేవారు. అంతకు మించి నాకేం తెలియదు. ముక్కని వంచి చూడడం, దాని బిరుసు వేలితో పట్టుకోవడం నాకు నేర్పింది జుబేదా గారు. నేర్పి, నా చెయ్యి పట్టుకుని చూపించి, "ఇప్పుడు తెలిసిందా అండీ?" అని నవ్వారు. ఆవిడ నేర్పిన విద్యతోనే ఆవిడ బతుకు పాడుచేశాను.

ఆ ఏడు వానాకాలంలో జరిగింది. ఆట అయ్యాక జోకర్లు నాలుగూ పైన పెట్టి రబ్బరు బ్యాండు వేసి కిటికీలో పెట్టడం నా అలవాటు. రెండు పేకలు కలిపి ఆడతాం కాబట్టి నాలుగు జోకర్లు. ఒకనాడు జల్లు కొట్టి పైనున్న ఆ నాలుగూ తడిసి ఉబ్బిపోయాయి. మిగతావి బాగానే ఉన్నాయి. కిందికి వెళ్ళి, అదే బొమ్మ ఉన్న కొత్త పేకలు రెండు విప్పి, వాటిలో జోకర్లు తెచ్చి కలిపేశాను. వెనక బొమ్మ ఒకటే, రంగు ఒకటే. కానీ అవి కొత్తగా వచ్చిన సరుకులోవి. కాస్త మందం, కాస్త బిరుసు. కలుపుతుంటేనే నా వేలికి తెలిసింది.

చెబుదామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. మొదటి రోజు వదినగారు రాగానే ఏదో పెళ్ళి కబురు ఎత్తారు, నేను మర్చిపోయాను. రెండో రోజు మర్చిపోలేదు. చెప్పలేదు.

రమ్మీ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. మన వంతు వచ్చినప్పుడు ముందువాళ్ళు పడేసిన ముక్కైనా తీసుకోవచ్చు, మధ్యలో బోర్లించిన పేకలోంచి పై ముక్కైనా తీసుకోవచ్చు. ఆ పై ముక్క ఏదో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆట. నాకు తెలిసేది. పేక చెదిరితే సర్దుతున్నట్టు చెయ్యి వేసి బొటనవేలితో మూల కాస్త ఎత్తితే చాలు. బిరుసుగా తగిలితే జోకరు, ఏ ముక్క బదులైనా చెల్లేది. తీసుకునేదాన్ని. లేకపోతే కింద పడేసిన ముక్క చూసుకునేదాన్ని.

గెలవడం మొదలైంది. అంతకు ముందు నలుగురిలో ఎక్కువసార్లు ఓడేది నేనే. మర్నాటికి పకోడీలో, గారెలో చేసి పెట్టేది నేనే. అలాంటిది వదినగారు ముక్కలు పడేసి, "ఏమిటమ్మాయ్, ఈ మధ్య నీ చెయ్యి తిరిగిందే" అన్నారు. ఆ మాట ఎంత బాగుందో మీకు చెప్పలేను. సుశీల టీచరు ఏ ముక్క పడేయాలో నన్ను సలహా అడిగేవారు. నా మాట అడిగేవాళ్ళు దొరికారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రెండు గంటల కోసం పొద్దున్నుంచి ఎదురుచూసేదాన్ని. అనుమానం రాకుండా మధ్యమధ్యలో కావాలని ఓడేదాన్ని కూడా. అంత తెలివి నాకుందని ఆ వానాకాలంలోనే తెలిసింది.

జుబేదా గారికి తెలియకుండా ఉంటుందా? మొదటి రోజే చేతిలో జోకరు పడగానే ఆవిడ వేలు ఒక్క క్షణం ఆగింది. తలెత్తి నా వంక చూశారు. నేను నా ముక్కలు సర్దుకుంటూ కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ తన ముక్కల్లోకి తల దించుకున్నారు. నేనే చెబుతానని అనుకుని ఉంటారు. ఆ తర్వాత రోజూ చూసేదాన్ని, ఆవిడ కూడా ఆ సౌకర్యం వాడుకుంటారా అని. వాడుకుంటే నాకు కొంత భారం తగ్గేది. పేకలో పైన బిరుసు ముక్క ఉందని నాకు తెలుసు, ముట్టుకున్న ఆవిడకీ తెలుసు. అయినా కింద పడేసిన ముక్కే తీసుకునేవారు. రెండుసార్లు, మూడుసార్లు నా కళ్ళతో చూశాను. ఆవిడ తీసుకోకపోతే నా వంతుకి నేను తీసుకునేదాన్ని. అదీ నేను.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం పంపకంలోనే జుబేదా గారికి రెండు జోకర్లు పడ్డాయి. తొందరగానే ఆట ముగించారు. వదినగారు వరసగా మూడు రోజుల నుంచి ఓడుతున్నారు. విసుగ్గా ముక్కలు పోగుచేస్తూ ఒక ముక్క దగ్గర ఆగారు. వంచారు. ఇంకోటి తీసి వంచారు.

"ఇదేమిటి, ఇంత బిరుసుగా ఉంది?"

ముక్కలన్నీ పరిచారు. నాలుగు జోకర్లూ ఏరి పక్కన పెట్టారు. సుశీల టీచరు కూడా పట్టుకుని చూశారు. చూసి కళ్ళజోడు తీసేశారు.

వదినగారు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, ఈ పేకలు ఎంచింది ఎవరు?"

చూడండి, ఆవిడ నన్ను అడిగింది అంతే. జోకర్లు ఎవరు మార్చారని అడగలేదు. పేకలు ఎంచింది ఎవరని అడిగారు.

"జుబేదా గారేనండీ" అన్నాను.

అది నిజం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టిందీ ఆ మాటే, తినేసిందీ ఆ మాటే. అబద్ధం చెప్పలేదు కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో లెక్కలేదు. ఆ నిజాన్ని ఎందుకు చెప్పానో నాకు తెలుసు. చెప్పాక వదినగారి కళ్ళు ఎటు తిరుగుతాయో ముందే తెలుసు.

"వేలు పెట్టి గుడ్డ రకం చెప్పేదానివి. నీకు తెలియలేదా?" అని వదినగారు ఆవిణ్ణి అడిగారు.

"తెలిసిందండీ. మొదటి రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

జుబేదా గారు నా వంక చూశారు. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్నేమో. ఏదో సందేహం తీర్చుకుంటున్నట్టు నెమ్మదిగా చూశారు.

"చెప్పాల్సింది నేను కాదనుకున్నానండీ" అన్నారు.

అంతకంటే తేటగా ఎవరు చెబుతారు? అర్థం చేసుకోవాలనుకుంటే ఆ గదిలో ఎవరికైనా అర్థమయ్యేది. కానీ వదినగారు, "చూశావా, ఒప్పుకుంది కూడా" అన్నట్టు సుశీల టీచరు వైపు చూశారు. నేను లేచి కూజాలోంచి నీళ్ళు వంపుకుని తాగాను. గ్లాసు అడ్డం పెట్టుకుని తాగాను. ఎంత సేపు తాగానో.

జుబేదా గారు తన ముందున్న ముక్కలు అంచులు కలిపి వదినగారి ముందు పెట్టారు. "నాకు పని ఉందండీ, వెళ్ళొస్తాను" అని లేచారు. మెట్లు దిగారు. నేను కూజా పక్కన కిటికీ దగ్గరే ఉన్నాను. కింద గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని ఆవిడ వెంటనే కదల్లేదు. వీధి వైపు తిరిగి అలా నిలబడ్డారు. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు వస్తుందేమోనని నిలబడ్డారని నాకు అప్పుడే తెలిసింది. పది మెట్లు. దిగి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే సరిపోయేది. నేను దిగలేదు. కాసేపటికి ఆవిడ వెళ్ళిపోయారు.

మర్నాడు వదినగారు కుట్టడానికిచ్చిన గుడ్డలన్నీ కుట్టకుండానే వెనక్కి తెప్పించేసుకున్నారు. తర్వాత మాట మారుతూ పోయింది. పేకలో మోసం చేసింది అన్నది, గుడ్డలో మోసం చేస్తుంది అయింది. కొలతల్లో మిగుల్చుకుంటుందట అన్నారు. మా షాపు కౌంటరు ముందే ఒకావిడ అంది, నేను వింటూ నోట్‌బుక్కులు సర్దాను. ఒక్కొక్క ఇల్లూ మానేసింది.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. నేనూ మానేశాను. నేనొక్కదాన్నే ఆవిడ దగ్గర కుట్టించుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని నా జాకెట్లు వేరే చోట ఇచ్చాను. ఆవిడ వాకిలి ముందు నుంచి ఆ గుడ్డల సంచి పట్టుకునే వెళ్ళాను. లోపల మిషను చప్పుడు లేదు.

దసరా దాటాక ఆవిడ తల్లిని తీసుకుని ఊరు వదిలేశారు. పెదపాడు దగ్గర చేపల చెరువుల మీద పనిచేసే తమ్ముడి దగ్గరికి వెళ్ళారని ఎవరో అన్నారు. మా ఆటకి ఇంకో ఆవిడ చేరారు. కొత్త పేకలు వచ్చాయి. మళ్ళీ నేను ఓడడం మొదలుపెట్టాను. మీరు నమ్మరేమో, ఇంకా రెండేళ్ళు ఆ చాప మీద కూర్చుని ఆడాను.

చాలా ఏళ్ళ తర్వాత ఏలూరులో మా వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళినప్పుడు, గుడికి వెళ్ళొస్తానని చెప్పి ఒక్కదాన్నే ఆటో మాట్లాడుకుని పెదపాడు వెళ్ళాను. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. చెరువు గట్టు పక్కన రేకుల ఇల్లు. ఆవిడ వాకిట్లో కూర్చుని మేత సంచులు కుడుతున్నారు. చేపలకి తవుడు నింపి నీళ్ళల్లోకి వేలాడదీసే సంచులు అవి. చేతి కుట్టు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టారు. పీట వేశారు, టీ పెట్టారు. వదినగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు.

దారంతా మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. ఆవిడ మాట్లాడుతుంటే నా కళ్ళు ఆవిడ చేతి మీదే ఉన్నాయి. చూపుడు వేలు చివర రక్తం చుక్క ఉంది. ఆవిడ చూసుకోలేదు. నేను చెబితే చూసుకుని కొంగుతో తుడుచుకున్నారు.

"షుగరండీ. ఇదివరకులా వేళ్ళకి ఏమీ తెలియడం లేదు. సూది గుచ్చుకున్నా తెలియదు" అన్నారు.

అంతే, నా మాటలన్నీ ఎక్కడికో పోయాయి. ఆ వేళ్ళ ముందు నా ఒప్పుకోలు ఎందుకు పనికొస్తుంది అనిపించింది. ఇప్పుడనుకుంటాను, అది కూడా ఒక సాకే. మనసు పిరికిదైతే సాకులు బాగా దొరుకుతాయి.

ఆవిడ రోడ్డు దాకా వచ్చారు. ఆటోవాడు బండి తిప్పుతుంటే నా ముఖం చూసి అడిగారు. "ఏదైనా చెప్పడానికి వచ్చారా అండీ?"

రెండోసారి. ఆ రోజు గుమ్మం దగ్గర ఆగిన ఆ మనిషే నాకు రెండోసారి దారి ఇచ్చింది.

"లేదండీ. ఊరికే చూసిపోదామని" అన్నాను.

ఆవిడ తలూపారు. "మంచిదండీ. జాగ్రత్తగా వెళ్ళండి" అన్నారు. ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూడలేదు నేను.

పోయిన ఏడు సుశీల టీచరు ఫోన్ చేసి, జుబేదా పోయిందట, తెలుసా అన్నారు. కాలికి పుండు పడి తగ్గలేదట. అప్పటికే రెండు నెలలైందట. ఫోను పెట్టేసి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఏడ్చే హక్కు కూడా నాకు లేదేమో అనిపించింది.

ఇంకా ఎవరికి చెప్పాలి? మొన్న వదినగారి దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటాయి. మోకాళ్ళ ఆపరేషన్ అయి మంచం మీదే ఉన్నారు గానీ జ్ఞాపకం బాగానే ఉంది. టీవీ ఆపించి, పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. జల్లు పడడం, జోకర్లు మార్చడం, వేలితో చూసుకోవడం, ఆ రోజు నోరు మూసుకోవడం. ఆవిడ చివరి దాకా విన్నారు.

"జోకర్లు నువ్వు మార్చావా?" అన్నారు.

"అవునండీ."

"అంతేనా? నేనింకేమిటో అనుకుని కంగారుపడ్డాను. పోనీలే అమ్మా, ఆటన్నాక ఇలాంటివి మామూలే." రిమోటు కోసం తడుముకుంటూ, "కాఫీ తాగుతావా?" అని అడిగారు.

"జుబేదా గారిని అన్నాం కదండీ" అన్నాను.

"ఎప్పటి మాట అది. ఆ మనిషే లేదు" అన్నారు.

అక్కడ ఎలా కూర్చున్నానో నాకు తెలియదు. కాఫీ వచ్చింది, తాగాను. జుబేదా చేసిందనుకున్నప్పుడు ఆ తప్పుకి ఆవిడ కుట్టుపని పోయింది, ఊరు పోయింది. నేను చేశానని తెలిశాక అదే తప్పు ఆటలో మామూలే అయింది. ఆ రోజు ఆ గదిలో నేను నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలిసింది. ఏమీ అయ్యేది కాదు. వదినగారు నన్నొక మాట అనేవారు, మర్నాడు నేను గారెలు చేసేదాన్ని, ఆట సాగేది. అంత చిన్న నష్టానికి భయపడి ఒక మనిషి బతుకు పోగొట్టాను. తిట్టించుకుంటే తీరుతుందని వెళ్ళినదాన్ని, అంత తేలిగ్గా వదిలేస్తే ఇంకా బరువుతో తిరిగి వచ్చాను.

క్షమించగలిగిన మనిషి లేదు. ఉన్నప్పుడు అడగలేదు. ఆవిడ తమ్ముడికి ఉత్తరం రాద్దామా అనుకున్నాను, అదీ ఇంకా రాయలేదు. రాస్తానని మీకు మాటివ్వను. నా మాట సంగతి మీకు తెలిసిందిగా.

ఆ జోకర్లు మార్చింది నేను. జుబేదా గారు ఒక్క రోజు కూడా మోసం చేయలేదు.

ఈ రెండు వాక్యాలు రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. మిగతాదంతా వాటి కోసం రాసిందే. రాసేశాను. చెయ్యి నొప్పెడుతోంది. కాసేపు నడుం వాలుస్తాను.